తమాలే ఇంట్లో మొదట్నుంచీ చేసినవాళ్లున్నారా? నాది తడి ఇసకలా వచ్చింది

పాలకొల్లు_పిల్ల (శాన్ ఆంటోనియో, టెక్సస్)
అందరికీ నమస్కారం అండి. ఈ ఊరొచ్చి నాలుగేళ్లు. ప్రతి డిసెంబర్లోనూ మా ఆఫీసులో ఒకావిడ మెక్సికోవాళ్ల వంటకం తమాలే రెండు డజన్లు తెచ్చి అందరికీ పంచుతుంది. మొక్కజొన్న పొత్తు మీది ఆకు విప్పగానే ఆవిరి, లోపల మెత్తటి మొక్కజొన్న ముద్ద, మధ్యలో ఎర్రటి మిరపకాయ కూర. ఈసారి నేనే చేసి ఆవిడకి పెడదామని బుద్ధి పుట్టింది.

మన ఇండియన్ షాపులో మొక్కజొన్న పిండి కొన్నాను. వేడినీళ్లు, నూనె పోసి కలిపి, కోడి కూర పెట్టి, ఆకుల్లో చుట్టి గంటన్నర ఆవిరి మీద పెట్టాను. విప్పితే తడి ఇసక! సగం ఆకుకే అతుక్కుపోయింది. మా ఆయన చెంచాతో గీక్కు తిని "ఉప్మా బానే ఉంది" అన్నారు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

24న ఒక నలభై చెయ్యాలి. ఇంకో చిక్కు, అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఎక్కడ తప్పింది నాకు?

మక్కగుడాలు (షికాగో)
అక్కా, పిండే తప్పు. నువ్వు తెచ్చింది మక్క రొట్టెల పిండి. పచ్చి మక్కలు పట్టిచ్చిన పిండి అది, ఎంత పిసికినా జిగురు రాదు. తమాలేకు సున్నపు నీళ్లల్ల ఉడకబెట్టిన మక్కల పిండి కావాలె. దుకాణంల 'మాసా హరీనా' అని అడుగు. 'తమాలే కోసం' అని రాసుంటే ఇంక మంచిది, జర బరకగ ఉంటది.

నేనైతే ఇంక ఘోరం. మొదటిసారి కార్న్‌ఫ్లోర్ తెచ్చిన, సూపులల్ల కలిపే తెల్లది. ఏమైందో అడగకు.

ఎడిసన్_గ్రైండర్ (న్యూజెర్సీ)
అడుగుతున్నాం. ఏమైంది?

మక్కగుడాలు
జిగురు బంక. కవర్లు అంటిచ్చుకోవచ్చు.

రుబ్బురోలు (ఫ్రెస్నో, కాలిఫోర్నియా)
పాలకొల్లు అమ్మాయ్, పెద్ద పోస్టు ఇది, ఓపిగ్గా చదువుకో. పదకొండేళ్లుగా చేస్తున్నాను. మా పక్కింటివాళ్లది మెక్సికోలో మిచోవకాన్ రాష్ట్రం. ఆ ఇంటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ రాదు. చేత్తో చూపించేది, నేను చేత్తో చేసేవాణ్ణి.

పొడి మాసా హరీనాతో కూడా బాగానే వస్తాయి. కానీ 'మొదట్నుంచీ' అన్నావు కాబట్టి గింజల నుంచే చెప్తాను.

కిలో ఎండు తెల్ల మొక్కజొన్న తీసుకో. పాప్‌కార్న్ గింజలు వద్దు, స్వీట్ కార్న్ అసలొద్దు. మెక్సికన్ కొట్లో పెద్ద గింజ తెల్లది సంచుల్లో దొరుకుతుంది. మూడు లీటర్ల నీళ్లలో 10 గ్రాముల సున్నం కలుపు, వాళ్లు 'కాల్' అంటారు. గింజలు పోసి, తెర్లడం మొదలవగానే సెగ తగ్గించెయ్. అరగంట చాలు. సున్నం నీళ్లు తగిలిన రెండు నిమిషాలకే తెల్ల గింజ నిమ్మపండు రంగుకు తిరుగుతుంది, అది చూస్తుంటేనే సరదా. ఒక గింజ తీసి గోటితో గీకితే పైపొట్టు జారిపోవాలి. కొరికితే మధ్యలో ఇంకా సుద్దలా ఉండాలి. పూర్తిగా ఉడికిందా, గుగ్గిళ్లే. తాలింపు వేసుకుని తినెయ్.

మూతపెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున నీళ్లు పసుపుపచ్చగా, జిడ్డుగా, తడిసిన సున్నపు గోడ వాసనతో ఉంటాయి. ఒంపేసి, మూడుసార్లు కడుగుతూ అరచేతుల మధ్య నలిపితే పొట్టు ఊడొస్తుంది. అంతా పోనక్కర్లేదు, కొంచెం ఉంటేనే పిండికి పట్టు. వాళ్లు దీన్ని 'నిష్తమాల్' అంటారు. రుబ్బితే రెండు కిలోలకు కాస్త తక్కువ ముద్ద వస్తుంది. నీ నలభైకి సరిపోతుంది.

కొవ్వు సంగతి రేపు రాస్తాను. నిద్రొస్తోంది.

పాలకొల్లు_పిల్ల
బాబాయ్ గారూ, దణ్ణం. సున్నం అంటే మన తాంబూలం సున్నమేనా? పూజ అలమరలో చిన్న డబ్బా ఉంది.

రుబ్బురోలు
సరుకు అదే, కాల్షియం హైడ్రాక్సైడే. కానీ ఆ డబ్బాలో ఇంకేం కలిసిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. మెక్సికన్ కొట్లో 'కాల్' చిన్న పొట్లం చాలా చవక. లేదంటే సూపర్‌మార్కెట్లో పచ్చళ్ల సీసాలు అమ్మే చోట పికిల్ లైమ్ అని ఉంటుంది. గోడలకు వేసేది తేకు. నీళ్లు పోస్తే కుతకుతమనే పొడి సున్నం అసలే వద్దు, చెయ్యి కాలుతుంది.

అత్తగారి_వంటిల్లు (ఫీనిక్స్, అరిజోనా)
ఒక్కమాట. స్టీలు గిన్నెలో ఉడికించండి. మా అత్తగారు ఇండియా నుంచి మోసుకొచ్చిన అల్యూమినియం డేగిశాలో నేను సున్నం నీళ్లు కాచాను. లోపలంతా నల్లబడి గరుకుదేలింది. ఆ గింజలన్నీ పారబోశాను. ఆవిడ అన్నమాట ఇక్కడ రాయలేను.

పథ్యం_డాక్టర్ (హైదరాబాద్)
వంట రాదు నాకు. సున్నం మాట వచ్చింది కాబట్టి దూరుతున్నా.

మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది కానీ ఎక్కువ భాగం కట్టుబడి ఉంటుంది, ఒంటికి అందదు. సున్నపు నీళ్లలో ఉడికితే ఆ కట్టు విడిపోతుంది. పైగా సున్నంలోని కాల్షియం కూడా గింజకు పడుతుంది. మెక్సికోవాళ్లు వేల ఏళ్లుగా ఈ పద్ధతిలోనే తింటున్నారు. మొక్కజొన్న అక్కణ్ణుంచి యూరప్ వెళ్లింది, సున్నం మాత్రం వెళ్లలేదు. తర్వాత ఇటలీ ఉత్తరాన, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా అనే జబ్బు వేలమందిని తినేసింది. చర్మం పగిలి నల్లబడడం, విరేచనాలు, మతి చలించడం, ఆఖరికి చావు. అంటురోగం అనుకున్నారు. 1914లో రంగంలోకి దిగిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే అమెరికన్ డాక్టరు ఇది తిండి లోపమని చూపించాడు.

మనకూ ఒక ముడి ఉంది. తెలంగాణ పల్లెల్లో జొన్న మీదే బతికేవాళ్లలో కూడా పెల్లాగ్రా కనబడేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం దాని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువుండడం కారణమని 1960లో ప్రతిపాదించారు. తర్వాత దాని మీద వాదోపవాదాలు నడిచాయి, అది వేరే కథ.

మక్కగుడాలు
మా తాత జొన్నరొట్టె తిని తొంభై ఏండ్లు బతికిండు డాక్టర్ సాబ్.

పథ్యం_డాక్టర్
రొట్టెతో పాటు పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉండుంటాయి కదా. ఉత్త రొట్టె మీద బతికినవాళ్ల మాట నేను చెప్పేది.

ఎడిసన్_గ్రైండర్
ఇప్పుడు నా గోడు వినండి. గింజలు రుబ్బడానికి మరపట్టే ఇనప మిల్లు కొనాలా అనుకుంటూ ఇంట్లో ఇడ్లీ గ్రైండర్ ఉందిగా అని దాన్లో పోశాను. ఒకేసారి నాలుగు గ్లాసులు. రాళ్ల కింద గింజలు ఇరుక్కుని రాయి పైకి లేచింది, బెల్టు కాలిన కంపు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి ప్లగ్ పీకింది. పండక్కి ముందు అట్లపిండికి కూడా దిక్కులేకుండా చేశానని ఇప్పటికీ అంటుంది.

రుబ్బురోలు
గ్రైండర్ మంచి ఆలోచనే తమ్ముడూ, పోసిన తీరే తప్పు. ఇక్కడ మాసా (ఈ రుబ్బిన ముద్దే) పిచ్చి పట్టిన అమెరికన్లు మన తడి గ్రైండర్లు కొనుక్కుని మరీ రుబ్బుతున్నారు. ముందు మిక్సీలో రెండు తిప్పులు తిప్పి రవ్వ చెయ్. గ్రైండర్ తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడు వెయ్, మధ్యమధ్య చెంచాడు నీళ్లు. గట్టి ముద్ద కాబట్టి అంచులకెక్కి కూర్చుంటుంది, గరిటతో తోస్తూ ఉండాలి. టోర్టియాకైతే, అంటే వాళ్ల మొక్కజొన్న రొట్టెకైతే, వెన్నలా ఉండాలి కానీ తమాలేకు ఇడ్లీ రవ్వంత బరక ఉన్నా పర్లేదు. నీళ్లు ఎక్కువైతే రెండు గుప్పిళ్ల మాసా హరీనా కలిపితే సర్దుకుంటుంది. అరగంటకొకసారి మోటారుకు విశ్రాంతి ఇవ్వు.

కోనసీమ_కుర్రోడు (అంబాజీపేట)
ఇదంతా ఎందుకండీ, మన పొట్టిక్కలే కదా ఇవి! పనసాకులు బుట్టలా కుట్టి ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడితే అయిపోయె. దానికి ఇంత హడావుడా.

అనంతపురం_ఎండ (గ్వాదలహారా, మెక్సికో)
ఆవిరి ఒకటే అయితే వంట ఒకటైపోతుందా అప్పా? పొట్టిక్కల్లో పులిసిన పిండి, తమాలేలో కొవ్వుతో గిలక్కొట్టిన ముద్ద. పొంగే దారే వేరు. పోలిక పట్టుకుని చేస్తే మళ్లీ తడి ఇసకే.

ఉద్యోగం మీద నేను ఇక్కడికొచ్చి మూడేళ్లు. ఇక్కడ ఒక్కటైతే 'తమాల్', ఎక్కువైతే 'తమాలెస్'. ఆజ్టెక్‌ల నావాత్ల్ భాషలో 'తమల్లి' నుంచి వచ్చింది. నిష్తమాల్‌లో మొదటి ముక్క 'నెష్ట్లి' అంటే బూడిద. సున్నానికి బదులు కట్టెల బూడిద నీళ్లు కూడా వాడేవాళ్లు. స్పానిష్‌వాళ్లు పందుల్ని తెచ్చేదాకా వీటిలో పంది కొవ్వే లేదు. అందుకే వెజ్ తమాలే అంటే నామోషీ పడాల్సిన పనిలేదు, పాతవే అవి.

పైగా ఒక్కో సీమకు ఒక్కో తీరు. వహాకాలో, దక్షిణాదిన అరిటాకులో కడతారు, నల్లటి మోలే (ఎండుమిరపకాయలు రుబ్బి చేసే చిక్కటి కూర) పెట్టి. మిచోవకాన్లో 'కొరుందా' అని మూడు మూలలది, దాన్ని మొక్కజొన్న చెట్టు పచ్చాకులో చుడతారు. వాస్తెకా ప్రాంతంలో 'సకవీల్' అని ఒకటుంది, ఒక్కటే మనిషంత పొడుగు, పెళ్లిళ్లకు పనికొచ్చేంత. మెక్సికో సిటీలో పొద్దున్నే తమాల్‌ని బన్ను మధ్యలో పెట్టుకుని తింటూ ఆఫీసుకు పోతారు. పిండిలో పిండి! నేను నవ్వాను. వారం తిరక్కుండా నేనూ అదే తిన్నాను.

కోనసీమ_కుర్రోడు
సరే సరే, ఒప్పుకున్నాం. అరిటాకు కావాలంటే మాకు చెప్పండి, పంపుతాం.

అత్తగారి_వంటిల్లు
పాలకొల్లు గారూ, మీ అత్తయ్యగారి సంగతికి వస్తాను, నాదీ అదే కాపురం.

మెక్సికన్ కొట్లో కలిపేసిన మాసా ముద్ద అమ్ముతారు, 'ప్రెపరాదా' అని. దాన్లో చాలాసార్లు పంది కొవ్వు ఉంటుంది. 'సిన్ ప్రెపరార్' అడగండి, అది ఉత్త ముద్ద. డబ్బా రాజ్మా ముద్ద కొంటే వెనక చదవండి, కొన్నిట్లో పంది కొవ్వే. నేను చదవకుండా ఒకసారి పెట్టేశాను. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి.

కొవ్వుకు బదులు: సగం వెన్న, సగం వెజిటబుల్ షార్టెనింగ్ (మన డాల్డా లాంటిది). పూర్తిగా వెన్నయితే బరువుగా వస్తాయి. కొబ్బరినూనె పేరుకున్నది వాడొచ్చు కానీ చల్లారితే గట్టిపడతాయి. నెయ్యితో చేశాను, రుచికి బ్రహ్మాండం, కానీ తింటుంటే తమాలే తింటున్నట్టు ఉండదు, పూర్ణం బూరె పక్కింట్లో వేగుతున్నట్టుంటుంది.

లోపలికి 'రాహాస్': పొబ్లానో మిరపకాయలు నేరుగా మంట మీద కాల్చి, గుడ్డలో మూటగట్టి పదినిమిషాలాగి, పొట్టు తీసి పొడుగ్గా చీరండి. మన వంకాయ కాల్చినట్టే. ఉల్లిపాయ వేయించి కలిపి, పక్కన ఒక చీజు ముక్క. పొబ్లానో కారం తక్కువ, అత్తయ్యగారికి చాలదంటే ఒక హలపెన్యో చీలిక.

రుబ్బురోలు
కొవ్వు గురించి. అసలు ఆట ఇదే.

రెండు కిలోల ముద్దకు అరకిలో పైచిలుకు కొవ్వు. ఎక్కువనిపిస్తుంది. తగ్గించావో, ఆరోగ్యం ఏమో గానీ తమాలే రాళ్లలా వస్తాయి. ముందు కొవ్వొక్కటే మిక్సర్లో ఐదు నిమిషాలు గిలక్కొట్టు, తెల్లగా నురగలా అయ్యేదాకా. తర్వాత ముద్ద కొంచెం కొంచెంగా, మధ్యలో గోరువెచ్చటి రసం కొంచెం కొంచెంగా. రసం అంటే కోడి ఉడికించిన నీళ్లు. వెజ్‌కి కూరగాయలు ఉడికించినవి. నాలుగు చెంచాల బేకింగ్ పౌడర్, ఉప్పు. ఉప్పు నాలిక్కి కాస్త ఎక్కువే అనిపించాలి, ఆవిరిలో తగ్గుతుంది. మొత్తం పావుగంట కొట్టాలి. చేత్తో కొడితే భుజాలు పోతాయి, మా పక్కింటి పెద్దావిడ మాత్రం చేత్తోనే కొట్టేది.

పరీక్ష: గ్లాసుడు చన్నీళ్లలో గోలీ అంత ముద్ద వెయ్. తేలిందా, చాలు. మునిగిందా, ఇంకో ఐదు నిమిషాలు. గారెల పిండికి మనం చేసేదే.

మాసా హరీనా దారిలో పోయేవాళ్లకి: రెండు కప్పుల పొడికి ముప్పావు కప్పుకు కాస్త తక్కువ కొవ్వు, రెండు కప్పుల దాకా రసం, చెంచా బేకింగ్ పౌడర్. కలిపాక పావుగంట నానాలి.

పాలకొల్లు_పిల్ల
ఎర్ర కూర? మన గుంటూరు కారం వేసెయ్యనా?

అనంతపురం_ఎండ
వద్దు తల్లీ. ఇక్కడ గ్వాహియో, ఆంచో అనే ఎండు మిరపకాయలు. కారం తక్కువ, రంగు, కండ ఎక్కువ. మన బ్యాడిగి దగ్గరికొస్తుంది. గుంటూరుది అన్ని వేస్తే ఒక్కటి కూడా తినలేరు, నాలుగే వేస్తే రంగు చాలదు. గింజలు దులిపి, పెనం మీద పదిసెకన్లు చూపించు. మాడితే చేదు. వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లి, జీలకర్రతో రుబ్బి, వడకట్టి నూనెలో మరగనివ్వు. ఉడికించి చీల్చిన కోడి దాన్లో కలుపు. పొడిగా ఉండాలి, పులుసులా ఉంటే కారిపోతుంది.

ఎడిసన్_గ్రైండర్
చుట్టడం? నావి ప్రతిసారీ విప్పుకుంటాయి.

రుబ్బురోలు
ఎండు ఆకులు వేడినీళ్లలో గంట నానాలి. పైకి తేలతాయి, మీద పళ్లెం బరువుపెట్టు. ఆకుకు ఒకపక్క గరుకు, ఒకపక్క నున్నన. నున్నటివైపు ముద్ద రాయాలి, లేదంటే విప్పేటప్పుడు నీ ఉప్మా కథే. వెడల్పు చివర అరసెంటీమీటరు మందాన పరిచి, మధ్యలో కూర గీతలా పెట్టి, రెండు అంచులూ కలిపి మూసి, సన్నటి తోక వెనక్కి మడువు. అన్నిటికీ దారం అక్కర్లేదు, గిన్నెలో నిలబెట్టి ఒకదానికొకటి ఆనిస్తే అవే నిలబడతాయి. తెరిచిన వైపు పైకి.

ఇడ్లీ కుక్కర్లో పళ్లాలు తీసేసి చిల్లుల ప్లేటు వేస్తే సరిపోతుంది. అడుగున నీళ్లలో ఒక నాణెం వెయ్, శుభ్రంగా తోమి. నీళ్లున్నంతసేపూ టకటకలాడుతుంది. చప్పుడాగితే నీళ్లైపోయినట్టు. మరుగునీళ్లే పొయ్యాలి, చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగి ముద్ద కూర్చుంటుంది. గంటంబావు. ఒకటి తీసి ఐదు నిమిషాలు చల్లారనిచ్చి విప్పు, ఆకు శుభ్రంగా వదిలిందా, అయినట్టే.

అనంతపురం_ఎండ
ఇంకొకటి. చేసేచోట కోపం ఉండకూడదంటారు ఇక్కడ. ఎవరైనా పోట్లాడుకుంటే తమాలే అలిగి ఉడకవట, సగం పచ్చి సగం పండూ వస్తాయట. అప్పుడు గిన్నె చెవులకి ఆకు పీలికలు ముడేస్తారు. కొందరైతే గిన్నె ముందు డాన్సు కూడా చేస్తారు.

అత్తగారి_వంటిల్లు
మా ఇంట్లో ఆవకాయ పెట్టేరోజు కూడా ఇదే. డాన్సు తప్ప.

మక్కగుడాలు
అక్కా, శాన్ ఆంటోనియోల ఉన్నవు కాబట్టి చెప్తున్న. 1976ల ప్రెసిడెంట్ జెరాల్డ్ ఫోర్డ్ మీ ఊరి అలమో పాత కోట కాడికి ఓట్లకోసం వచ్చి, ఆకు తియ్యకుండనే తమాలే కొరికిండు. పేపర్లన్నీ అదే రాసినయి. మీ అత్తమ్మకు ముందే చెప్పు.

చర్చ_నిర్వాహకి
తార్నాక, జొన్నరొట్టె మీద మొదలైన పదిహేను పోస్టుల్ని 'ఆరోగ్యం' విభాగానికి మార్చాను. ఇక్కడ వంట మాత్రమే.

పాలకొల్లు_పిల్ల (డిసెంబర్ 26)
వచ్చేశానండి. చేశాను.

23 రాత్రి గింజలు నానేశాను. కడుగుతుంటే అత్తయ్యగారు వచ్చి "ఇట్లా కాదు, చేటలో పోసి నలుపు" అని లాక్కుని మొత్తం ఆవిడే నలిపేశారు. ముందు ఆవిడ వాటికి కావలసిన గింజలే గ్రైండర్లో వేశాం, రాహాస్‌తో ఇరవై, తర్వాత కోడివి ఇరవై. గ్రైండర్ రెండుసార్లు మొరాయించింది. గరిటెకి పని చెప్పింది మా ఆయన. మొదటి గోలీ మునిగింది, రెండోది మునిగింది, మూడోది అడుగుదాకా వెళ్లి ఆలోచించి పైకొచ్చింది. అత్తయ్యగారు చప్పట్లు కొట్టారు.

నలభైకి ముప్పైఎనిమిది నిలబడ్డాయి. రెండు ఆకులు చిరిగాయి. మధ్యలో కోడివి ఏ వైపు, రాహాస్‌వి ఏ వైపు అని మా ఆయనకీ నాకూ పెద్ద గొడవ. అత్తయ్యగారు ఏమీ మాట్లాడకుండా ఒక ఆకు పీలిక చింపి గిన్నె చెవికి ముడేసి వెళ్లిపోయారు. ఇక్కడి పోస్టులన్నీ రోజూ చదివి వినిపిస్తున్నాను లెండి.

నలభై నిమిషాలకే నాణెం చప్పుడాగింది. బాబాయ్ గారు చెప్పకపోతే గిన్నె మాడేది.

ఆఫీసావిడకి పన్నెండు ఇచ్చాను. విప్పింది, వాసన చూసింది, తింది. "మాసా మందం ఎక్కువ, కూర తక్కువ" అంది. తర్వాత రెండోది విప్పింది.

రుబ్బురోలు
రెండోది విప్పిందా, ఇంకేం కావాలి. మిగిలినవి ఆకులతోనే ఫ్రీజర్లో పెట్టు. మళ్లీ ఆవిరి పెట్టుకో, లేదా ఆకుతోనే పెనం మీద వేసి అంచులు నల్లబడేదాకా తిప్పు. నాకు ఆ రెండో రోజువే ఇష్టం.

అనంతపురం_ఎండ
జనవరి 6న ఇక్కడ ఉంగరంలాంటి రొట్టె కోస్తారు, లోపల చిన్న పాప బొమ్మ ఉంటుంది. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న, కాందెలారియా పండగ రోజు అందరికీ తమాలే పెట్టాలి. మీ ఆఫీసావిడ రొట్టె తెస్తే జాగ్రత్త, మెల్లగా నమలండి.

మక్కగుడాలు
అక్కా, గిన్నెలకెంచి నాణెం తీసినవా మరి?

పాలకొల్లు_పిల్ల
అయ్యో. పొద్దున ఇడ్లీ పెట్టినప్పుడు టకటకమంటుంటే కుక్కర్ పాడైందనుకుని మా ఆయన కొత్తది ఆర్డరు పెట్టేశారు.